విదేశీ ప్రయాణంలో కార్డు ఛార్జీలు, ఏటీఎం కోతలు తగ్గించుకోవడం ఎలా

విదేశంలో మన కార్డుతో చేసే ప్రతి చెల్లింపులోనూ రెండు రకాల కోతలు ఉంటాయి. ఒకటి కంటికి కనిపించే ఛార్జీ, అంటే ఏటీఎం తెర మీదో బ్యాంకు స్టేట్‌మెంటులోనో విడిగా అంకె వేసి చూపించేది. రెండోది మారకం రేటులోనే కలిసిపోయి ఉంటుంది. దానికి రసీదులో వేరే పద్దు ఉండదు కాబట్టి పోయిన సంగతి కూడా చాలామందికి తెలియదు. ప్రయాణానికి ముందు అందరూ ఆరా తీసేది మొదటిదాని గురించే, కానీ ఎక్కువ డబ్బు పోయేది రెండోదాని వల్లే. అందుకే ఛార్జీ ఎంత అని అడిగే ప్రతిచోటా రేటు ఎంత, ఆ రేటును ఎవరు నిర్ణయిస్తున్నారు అని కూడా అడగడం అలవాటు చేసుకోవాలి. భారతదేశంలోని బ్యాంకులు ఇచ్చిన కార్డులతో కొద్ది రోజుల కోసమో కొన్ని నెలల కోసమో విదేశాలకు వెళ్లేవారిని దృష్టిలో ఉంచుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

కోత ఎక్కడెక్కడ పడుతుంది

మామూలు డెబిట్ కార్డునో క్రెడిట్ కార్డునో విదేశీ దుకాణంలో వాడితే, వీసా లేదా మాస్టర్‌కార్డ్ సంస్థ ఆ రోజు తన రేటు ప్రకారం ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మారుస్తుంది. ఈ రేటు సాధారణంగా మార్కెట్ రేటుకు చాలా దగ్గరగానే ఉంటుంది, దాని గురించి బెంగపడనక్కర్లేదు. ఆ పైన మన బ్యాంకు తన వంతుగా కొంత శాతం కలుపుతుంది, దాన్నే మార్కప్ అంటారు. మన దేశంలో చాలా కార్డుల మీద ఇది 3.5 శాతం ఉంటుంది. ఖరీదైన కార్డుల మీద 2 శాతం దాకా తగ్గుతుంది. ఈ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది కనుక 3.5 శాతం కాస్తా 4.13 శాతం అవుతుంది. అంటే ప్రయాణం మొత్తంలో కార్డు మీద లక్ష రూపాయల విలువైన ఖర్చు పెడితే 4,130 రూపాయలు కేవలం మార్పిడి కోసమే చెల్లించినట్టు.

ఏటీఎం నుంచి నగదు తీస్తే దీనికి మరో రెండు కోతలు తోడవుతాయి. మొదటిది అక్కడి ఏటీఎం బ్యాంకు తీసుకునే రుసుము, రెండోది విదేశీ విత్‌డ్రాయల్‌కు మన బ్యాంకు వేసే ఛార్జీ. మన బ్యాంకులు చాలావరకు ఒక్కో విత్‌డ్రాయల్‌కు 100 నుంచి 150 రూపాయల వరకు, దాని మీద జీఎస్టీ వసూలు చేస్తాయి. ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడానికి కార్డు పెట్టినా సుమారు 25 రూపాయలు పడుతుంది, ఖాతాలో సొమ్ము చాలక లావాదేవీ తిరస్కరణకు గురైనా చాలా బ్యాంకులు ఛార్జీ వేస్తాయి. కాబట్టి బ్యాలెన్స్ చూసుకోవాలనుకుంటే ఫోనులో బ్యాంకు యాప్ తెరవాలి తప్ప విదేశీ ఏటీఎంను అడగకూడదు.

థాయ్‌లాండ్ ఉదాహరణ తీసుకుంటే ఈ కోతలన్నీ కలిసి ఎంతవుతాయో తెలుస్తుంది. అక్కడ దాదాపు అన్ని బ్యాంకుల ఏటీఎంలూ విదేశీ కార్డుకు ఒక్కో విత్‌డ్రాయల్‌కు 220 బాత్ లేదా అంతకంటే కాస్త ఎక్కువ తీసుకుంటాయి. తీసే మొత్తం వెయ్యి బాత్ అయినా ఇరవై వేలైనా రుసుము అంతే. లెక్క సులువుగా ఉండటానికి ఒక బాత్ 2 రూపాయల 70 పైసలు అనుకుందాం. 5,000 బాత్ తీస్తే మన ఖాతాలో 5,220 బాత్‌కు లెక్క కడతారు, అంటే 14,094 రూపాయలు. దాని మీద 3.5 శాతం మార్కప్ 493 రూపాయలు, మన బ్యాంకు ఛార్జీ 125 రూపాయలు అనుకుంటే, ఆ రెండింటి మీద జీఎస్టీ 111 రూపాయలు. చేతికి వచ్చింది 13,500 రూపాయల విలువైన బాత్, ఖాతాలోంచి పోయింది 14,823 రూపాయలు. దాదాపు 10 శాతం దారిలోనే పోయింది. అదే మొత్తాన్ని నాలుగు రోజులు వరుసగా తీస్తే అదనంగా పోయేది 5,292 రూపాయలు. ఆ 20,000 బాత్‌నూ ఒకేసారి తీసి ఉంటే 2,996 రూపాయలతో సరిపోయేది. మార్కప్, విత్‌డ్రాయల్ ఛార్జీ రెండూ లేని కార్డుతో ఒకేసారి తీస్తే 220 బాత్ మాత్రమే, అంటే 594 రూపాయలే పోతుంది. దేశం అదే, యంత్రం అదే, తీసుకున్న నగదు అంతే. మారినవి కార్డు, ఎన్నిసార్లు తీశామన్నది మాత్రమే.

యంత్రం అడిగే ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలి

ఇంత లెక్క వేసుకుని వెళ్లినవారు కూడా నష్టపోయే చోటు ఒకటుంది. దాని పేరు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, క్లుప్తంగా డీసీసీ. విదేశీ దుకాణంలోని స్వైపింగ్ మిషన్ గానీ ఏటీఎం గానీ మన కార్డు భారతదేశానిదని గుర్తుపట్టి, బిల్లును బాత్‌లోనో యూరోల్లోనో కాకుండా రూపాయల్లో కట్టమంటారా అని అడుగుతుంది. తెలిసిన కరెన్సీలో అంకె కనిపిస్తుంది కాబట్టి మనసుకు హాయిగా అనిపిస్తుంది. కానీ అక్కడ కనిపించే రూపాయల రేటును నిర్ణయించేది వీసా, మాస్టర్‌కార్డ్‌లు కాదు. ఆ యంత్రాన్ని నడిపే సంస్థ. ఆ రేటు మార్కెట్ రేటు కన్నా 4, 5 శాతం ఎక్కువగా ఉండటం మామూలే, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. పైగా విదేశంలో రూపాయల్లో జరిగిన లావాదేవీ మీద కూడా మన బ్యాంకుల్లో చాలావరకు 1 శాతం చొప్పున, జీఎస్టీతో కలిపి విడిగా వసూలు చేస్తాయి. కాబట్టి రూపాయల్లో కడితే మార్కప్ తప్పించుకున్నామనుకోవడం పొరపాటు.

నియమం చిన్నది: ఎక్కడున్నామో ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోవాలి. థాయ్‌లాండ్‌లో బాత్, దుబాయ్‌లో దిర్హమ్, పారిస్‌లో యూరో. దీనికి మినహాయింపు నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఏటీఎం దగ్గర ఈ నియమాన్ని పాటించడం అనుకున్నంత తేలిక కాదు, ఎందుకంటే తెరలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, వెనక క్యూలో మనుషులుంటారు. బ్యాంకాక్‌లో సాధారణంగా జరిగే వరుస ఇది. భాష ఎంచుకుని, పిన్ కొట్టి, సేవింగ్స్ ఖాతా అని చెప్పి, మొత్తం వేశాక ఒక తెర వస్తుంది. ఈ లావాదేవీకి 220 బాత్ రుసుము పడుతుంది, అంగీకరిస్తారా అని అడుగుతుంది. ఇక్కడ వద్దంటే లావాదేవీ ఆగిపోయి కార్డు బయటికి వస్తుంది, డబ్బేమీ పోదు. అంగీకరిస్తే ఆ తర్వాత కొన్ని యంత్రాల్లో ఇంకో తెర వస్తుంది. దాని మీద బాత్‌కు ఇన్ని రూపాయలు అన్న రేటు, ఖాతాలోంచి పోయే మొత్తం రూపాయల్లో, కింద రెండు మీటలు ఉంటాయి. ఒకటి మార్పిడితో కొనసాగమని, మరొకటి మార్పిడి లేకుండా కొనసాగమని. ఇక్కడ నొక్కాల్సింది రెండోదాన్ని. మొదటి తెర దగ్గర వద్దంటే లావాదేవీ రద్దయింది కదా, ఇక్కడా అంతేనేమో అన్న భయంతో చాలామంది ఒప్పుకుంటారు. రద్దు కాదు. మార్పిడి వద్దన్నా నగదు వస్తుంది, లెక్క మాత్రం మన బ్యాంకు రేటు ప్రకారం పడుతుంది. కొన్ని యంత్రాలు మార్పిడికి ఒప్పుకునే మీటను పెద్దగా, వెలుగుతున్న రంగులో చూపించి రెండోదాన్ని మూలకు నెడతాయి. ఇంకొన్ని వద్దని చెప్పాక మీరు నిజంగానే వద్దంటున్నారా అని మళ్లీ అడుగుతాయి. ఎన్నిసార్లు అడిగినా జవాబు మార్చకూడదు.

దుకాణాల్లో మరో చిక్కుంది. యంత్రం మన చేతికి రాకముందే అవతలి మనిషి ఏదో ఒక మీట నొక్కేసి ఉండవచ్చు. డీసీసీ లాభంలో దుకాణానికి కూడా వాటా ఉంటుంది కాబట్టి రూపాయల్లో కట్టించడం వారికి ప్రయోజనమే. కార్డు ఇచ్చేటప్పుడే ఆ దేశపు కరెన్సీ పేరు చెప్పి అందులోనే కట్టుకోమనాలి. హోటళ్లలో చెక్ అవుట్ చేసేటప్పుడు, విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణాల్లో, పర్యాటకులు ఎక్కువగా వచ్చే వీధుల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. రసీదు బయటికి రాగానే దాని మీద రూపాయల అంకె, మారకం రేటు కనిపిస్తే సంతకం పెట్టకుండా, అక్కడి నుంచి కదలకుండా, ఆ లావాదేవీని రద్దు చేసి స్థానిక కరెన్సీలో మళ్లీ చేయమని మర్యాదగానే అడగాలి. ఆ నిమిషంలో అడిగితే చాలాచోట్ల చేస్తారు, ఇంటికి వచ్చాక అడిగితే కష్టం.

ఇంట్లో కూర్చుని విదేశీ వెబ్‌సైటులో హోటల్ గదో, రైలు టికెట్టో బుక్ చేసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ధర రూపాయల్లో కనిపించినంత మాత్రాన ఆ సంస్థ భారతదేశంలో రిజిస్టర్ అయినట్టు కాదు. విదేశీ సంస్థకు రూపాయల్లో కట్టినా ఆ 1 శాతం పడవచ్చు, వెబ్‌సైటు వేసిన రేటులో దాని లాభమూ ఉండవచ్చు. కరెన్సీని మార్చి చూసి, స్థానిక కరెన్సీ ధరను, రూపాయల ధరను పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాకే కట్టాలి. రద్దు చేసుకునే అవకాశం ఉన్న బుకింగులకైతే గది దగ్గరే డబ్బు కట్టే పద్ధతి మంచిది, ఎందుకంటే తిరిగి వచ్చే సొమ్మును ఆ రోజు రేటుకు మారుస్తారు, మొదట కట్టిన మార్కప్ అన్నిసార్లూ వెనక్కి రాదు.

ఏ కార్డు తీసుకెళ్లాలి

కార్డును ఎంచుకోవాల్సింది బయలుదేరే వారంలో కాదు, కనీసం నెల ముందు. దరఖాస్తు, కార్డు ఇంటికి రావడం, దాన్ని ఒకసారి ఇక్కడ వాడి చూడటం అన్నిటికీ సమయం పడుతుంది. విదేశీ మార్కప్ లేని కార్డులు ఇప్పుడు మన దగ్గర దొరుకుతున్నాయి. స్కాపియా ఫెడరల్ క్రెడిట్ కార్డు, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్ కార్డు, నియో యాప్ ద్వారా వచ్చే కార్డులు ఈ కోవలోవి. వీటిలో వావ్ కార్డును ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇస్తారు కనుక జీతం పత్రాలు చూపించలేని విద్యార్థులకు, ఉద్యోగ విరమణ చేసినవారికి కూడా అందుబాటులో ఉంటుంది. ఇలాంటి పథకాల షరతులు తరచూ మారుతుంటాయి కాబట్టి ప్రకటన చూసి సరిపెట్టుకోకుండా, బ్యాంకు వెబ్‌సైటులో ఆ కార్డుకు సంబంధించిన ఛార్జీల పట్టిక తెరిచి మూడు విషయాలు వెతకాలి. విదేశీ లావాదేవీ మీద ఎంత శాతం, విదేశీ ఏటీఎం విత్‌డ్రాయల్‌కు ఎంత, విదేశంలో రూపాయల్లో జరిగే లావాదేవీ మీద ఎంత. మార్కప్ సున్నా అని గొప్పగా చెప్పే కార్డు కూడా ఏటీఎం దగ్గర ఛార్జీ వేయవచ్చు.

క్రెడిట్ కార్డు గురించి ఒక గట్టి హెచ్చరిక చెప్పాలి. దుకాణంలో వాడటానికి అది ఎంత మంచిదో ఏటీఎంలో వాడటానికి అంత చెడ్డది. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే చాలా బ్యాంకులు 2.5 శాతం లేదా కనీసం 500 రూపాయలు తీసుకుంటాయి, పైగా కొనుగోళ్లకు ఉండే వడ్డీ లేని గడువు నగదుకు వర్తించదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నగదు కోసం డెబిట్ కార్డో, విదేశీ కరెన్సీని ముందే నింపుకునే ఫారెక్స్ కార్డో, కొనుగోళ్ల కోసం మార్కప్ లేని క్రెడిట్ కార్డో ఉండేలా చూసుకుంటే ఈ ఇబ్బంది రాదు. కారు అద్దెకు తీసుకునేటప్పుడు, హోటల్లో డిపాజిట్ కింద సొమ్ము ఆపి ఉంచేటప్పుడు మాత్రం క్రెడిట్ కార్డే ఇవ్వాలి. డెబిట్ కార్డు ఇస్తే మన ఖాతాలోని అసలు సొమ్మే కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు స్తంభించిపోతుంది. ఫారెక్స్ కార్డును కొన్ని కారు కంపెనీలు అసలు ఒప్పుకోవు.

ఫారెక్స్ కార్డులో మంచీ ఉంది, చెడూ ఉంది. డాలర్లో యూరోలో ముందే నింపుకుంటాం కనుక రేటు ఆ రోజుకే ఖాయమైపోతుంది. రూపాయి పడిపోయినా మనకు బాధ లేదు, కార్డులో ఉన్న కరెన్సీలోనే ఖర్చు పెడితే మార్కప్ కూడా ఉండదు. అయితే నింపేటప్పుడు బ్యాంకు ఇచ్చే రేటులోనే దాని లాభం ఉంటుంది. ఆ రోజు మార్కెట్ రేటును ఫోనులో చూసి, బ్యాంకు చెప్పిన రేటుతో పోల్చి, తేడా ఎంత శాతమో లెక్కవేస్తే ఇది నిజంగా చవకో కాదో తేలిపోతుంది. కార్డులో డాలర్లు నింపి వియత్నాంలోనో ఇండోనేషియాలోనో వాడితే అది మరో కరెన్సీలోకి మార్చినట్టే, దానికి విడిగా 2 నుంచి 3.5 శాతం దాకా పడుతుంది. అందువల్ల ఫారెక్స్ కార్డు అమెరికా, యూరప్, సింగపూర్ వంటి చోట్ల, అంటే ఆ దేశపు కరెన్సీనే నేరుగా నింపుకోగలిగిన చోట్ల, అక్కరకు వస్తుంది. మిగతా దేశాలకు మార్కప్ లేని కార్డే మేలు. ఏడాదిపాటు వాడకుండా వదిలేస్తే కొన్ని కార్డుల నుంచి ఛార్జీ కింద సొమ్ము తగ్గిపోతూ ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఏ కార్డు ఎంచుకున్నా విదేశంలో దానంతట అది పనిచేయదు. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలోని ఏటీఎంలు, స్వైపింగ్ మిషన్ల వరకే పనిచేసేలా వస్తాయి. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, కార్డును తాకించి చెల్లించే సదుపాయం మనమే యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. అక్కడే రోజువారీ పరిమితి కూడా పెట్టుకోవచ్చు. విదేశీ వెబ్‌సైటులు చాలావరకు ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకుంటాయి కాబట్టి ఆన్‌లైన్ పరిమితిని తక్కువగా పెట్టి, విదేశీ ఏటీఎం పరిమితిని మాత్రం ఒకే విడతలో కావలసినంత తీసుకునేలా పెంచుకోవాలి. ఈ పరిమితి చిన్నదిగా ఉండిపోవడం వల్లే కొందరు ఒకే రోజు మూడుసార్లు తీసి మూడుసార్లు రుసుము కట్టాల్సి వస్తుంది. బ్యాంకులో నమోదైన సిమ్‌కు రోమింగ్ వేయించుకోవడం కూడా ఇప్పుడే చేయాలి; ఓటీపీ రాక యాప్ తెరుచుకోకపోతే మిగతా ఏర్పాట్లన్నీ ఉండీ లేనట్టే. రెండో కార్డు ఒకటి, వీలైతే వేరే బ్యాంకుదీ వేరే కార్డు నెట్‌వర్కుదీ (ఒకటి వీసా అయితే మరొకటి మాస్టర్‌కార్డ్), పర్సులో కాకుండా మరో సంచిలో ఉండాలి.

చేతిలో ఎంత నగదు, ఎక్కడ మార్చాలి

కార్డులు ఎంత బాగా పనిచేసినా కొంత నగదు లేకుండా ప్రయాణం నడవదు. ఒక్కో ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్లు లేదా దానికి సమానమైన విదేశీ కరెన్సీ తీసుకెళ్లడానికి చాలా దేశాల విషయంలో అనుమతి ఉంది, అంతకు మించినది కార్డులో ఉండాలి. రూపాయలు నగదుగా ఇచ్చి 50,000 రూపాయల లోపు విలువైన విదేశీ కరెన్సీ కొనవచ్చు. ఆ పైన అయితే ఖాతా నుంచి కట్టాలి. పాస్‌పోర్టు, పాన్, టికెట్ చూపించమని అడుగుతారు. ఈ కాగితాలేవీ అడగకుండా, రసీదు ఇవ్వకుండా మార్చేవారి దగ్గరకు వెళ్లకూడదు. రేటు బాగున్నా నోటు నకిలీదైతే అడగడానికి ఎవరూ ఉండరు.

కొనే చోటు విషయంలో నా సలహా ఏమిటంటే శంషాబాద్ వెళ్లాక కాదు, వెళ్లడానికి రెండు మూడు రోజుల ముందే ఊళ్లో మార్చుకోండి. విమానాశ్రయం కౌంటర్లకు మరో ప్రత్యామ్నాయం లేని ప్రయాణికులే గిరాకీ, రేటులో అది తెలుస్తుంది. హైదరాబాద్‌లో గానీ విజయవాడ, విశాఖలలో గానీ రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న ఇద్దరు ముగ్గురు డీలర్లకు ఫోన్ చేసి, కమీషన్ ఎంత అని అడగకుండా, 500 డాలర్లు నా చేతిలో పెట్టడానికి అన్నీ కలిపి ఎన్ని రూపాయలు తీసుకుంటారు అని అడగండి. కమీషన్ లేదనే మాటకు అర్థం అది రేటులో ఉందనే. జీఎస్టీ మాత్రం ఎక్కడైనా ఒకటే లెక్క: లక్ష రూపాయల వరకు మార్చుకునే మొత్తంలో 1 శాతాన్ని సేవ విలువగా తీసుకుని దాని మీద 18 శాతం, అంటే లక్షకు 180 రూపాయలు, ఎంత చిన్న మార్పిడికైనా కనీసం 45 రూపాయలు. ఇది పెద్ద భారం కాదు, రేటులో ఒక రూపాయి తేడా దీని కన్నా చాలా ఎక్కువ.

ఏ కరెన్సీ కొనాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా, యూరప్‌లకైతే అక్కడి కరెన్సీనే ఇక్కడ తీసుకోవాలి. థాయ్‌లాండ్‌కు మాత్రం తరచుగా డాలర్లు తీసుకెళ్లి అక్కడ మార్చుకోవడమే లాభం, ఎందుకంటే మన దగ్గర బాత్ కొనుగోలు, అమ్మకం రేట్ల మధ్య తేడా ఎక్కువ, బ్యాంకాక్‌లో డాలర్‌కు పోటీ ఎక్కువ. 100 డాలర్ల నోటుకు చిన్న నోట్ల కన్నా మంచి రేటు ఇస్తారు, నోటు మడత, మరక, రాత లేకుండా ఉండాలి. సువర్ణభూమి విమానాశ్రయంలో సామాను తీసుకునే హాలులో ఎదురయ్యే బ్యాంకు కౌంటర్ల దగ్గర ఆగకుండా, కింది అంతస్తులో ఎయిర్‌పోర్టు రైలు ఎక్కే చోటికి దిగితే అక్కడ సూపర్‌రిచ్ వంటి మనీ ఛేంజర్ల వరుస ఉంటుంది. ఊళ్లో దొరికే రేటుకు దగ్గరి రేటు అక్కడే దొరుకుతుంది. టాక్సీకి, మొదటి రోజు భోజనానికి సరిపడా పై అంతస్తులో మార్చుకుని మిగతాది కింద మార్చుకోవాలన్న ఆలోచన కూడా అక్కర్లేదు, దిగడానికి కొద్ది నిమిషాలే పడుతుంది.

దుబాయ్ లెక్క ఇంకా తేలిక. దిర్హమ్ విలువ డాలర్‌కు 3.6725 దగ్గర స్థిరంగా ఉంటుంది కనుక ఎక్స్‌ఛేంజ్ హౌసు ఎంత మినహాయించుకుంటోందో ఒక్క భాగహారంతో తెలుస్తుంది. పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలకు నేపాల్ వెళ్లే మనవారికి ఇంకా సులువు: మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు, ఆ విలువ 1993 నుంచి మారలేదు. ఎవరైనా 1.6 కన్నా తక్కువ ఇస్తే ఆ తేడాయే వారి కమీషన్.

ఏటీఎంను ఎంచుకునేటప్పుడు బ్యాంకు శాఖకు ఆనుకుని ఉన్నదాన్ని వెతకాలి. యూరప్‌లో పర్యాటక స్థలాల దగ్గర, కిరాణా దుకాణాల మూలల్లో బ్యాంకులకు చెందని ప్రైవేటు ఏటీఎంలు కనిపిస్తాయి. వాటి రుసుమూ ఎక్కువే, డీసీసీ ఒత్తిడీ ఎక్కువే. జపాన్‌లో అన్ని ఏటీఎంలూ విదేశీ కార్డు తీసుకోవు, సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లోని సెవెన్ బ్యాంక్ యంత్రాలు, తపాలా కార్యాలయాల ఏటీఎంలు తీసుకుంటాయి. అమెరికాలో చాలా బ్యాంకులు వేరే బ్యాంకు కార్డుకు కొన్ని డాలర్ల రుసుము వేస్తాయి, తీసే ముందు తెర మీద చూపించి ఒప్పుకోలు అడుగుతాయి. మొత్తాన్ని చిన్న చిన్న విడతలుగా కాకుండా మూడు నాలుగు రోజుల అవసరాన్ని ఒకేసారి తీసుకుని, ఆ రోజుకు సరిపడా జేబులో పెట్టుకుని మిగతాది గదిలోని లాకరులో ఉంచితే రుసుమూ తగ్గుతుంది, దొంగతనం భయమూ తగ్గుతుంది.

యూపీఐ ఇప్పుడు భూటాన్, నేపాల్, సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, ఫ్రాన్స్ దేశాల్లోని కొన్ని దుకాణాల్లో పనిచేస్తోంది. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులను విడిగా ఆన్ చేసుకోవాలి, కట్టే ముందు కనిపించే రూపాయల అంకెలో బ్యాంకు మార్పిడి రుసుము కూడా కలిసి ఉంటుంది కనుక దాన్ని మార్కెట్ రేటుతో పోల్చి చూడాలి. చిన్న చెల్లింపులకు బాగుంటుంది, దాని మీదే ఆధారపడి మాత్రం వెళ్లకూడదు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దలకు

కొన్ని నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులకు మన ఇళ్లలో తరచుగా ఇచ్చే సలహా, చేతినిండా డాలర్లు పెట్టి పంపడం. దానికి బదులు రెండు మూడు వందల డాలర్లు చిన్న నోట్లలో, ఒక ఫారెక్స్ కార్డులో కొంత మొత్తం ఉంటే సరిపోతుంది. నాన్నగారు దుకాణంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఏం నొక్కాలో తెలియక ఇబ్బంది పడకుండా, ఇంట్లోనే ఒకసారి కార్డు తాకించి చెల్లించడం, పిన్ కొట్టడం చూపించాలి. అక్కడే ఉండే కొడుకో కూతురో తమ క్రెడిట్ కార్డు ఖాతాలోనే తల్లిదండ్రుల పేరుతో అదనపు కార్డు తీసుకోగలిగితే అది అమెరికా కార్డే కాబట్టి ఈ మార్పిడి గొడవే ఉండదు. అమ్మానాన్నలకు సొంత డబ్బుతోనే ఖర్చు పెట్టుకోవాలన్న పట్టుదల ఉంటే, ఆ డబ్బును ఇక్కడి నుంచి ఒకేసారి బ్యాంకు ద్వారా పిల్లల ఖాతాకు పంపి అక్కడ వాడుకోవడం, నెల నెలా ఏటీఎం దగ్గర కోత పెట్టించుకోవడం కన్నా చాలా మంచిది.

పెద్ద మొత్తాల విషయంలో ఒక్క మాట. ఫారెక్స్ కార్డు, నగదు, డెబిట్ కార్డు ద్వారా పెట్టే ఖర్చు, బ్యాంకు ద్వారా పంపే సొమ్ము అన్నీ కలిపి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితే ఆ పై మొత్తం మీద మూలం దగ్గరే పన్ను, టీసీఎస్, వసూలు చేస్తారు. పర్యటన ఖర్చుకూ కుటుంబానికి పంపే సొమ్ముకూ ఇది 20 శాతం. ఇది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్ దాఖలు చేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటి దాకా చేతిలో ఉండదు. మామూలు కుటుంబ పర్యటనకు ఈ పరిమితి తగలదు.

తిరిగి వచ్చే ముందు, వచ్చాక

చివరి రెండు రోజుల్లో కొత్తగా నగదు తీయకూడదు. మిగిలిన నోట్లను హోటల్ బిల్లులో కట్టేసి, తక్కువైనదాన్ని కార్డుతో కట్టమని అడిగితే చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. నాణేలను ఇక్కడ ఎవరూ తిరిగి కొనరు కనుక ముందు వాటినే ఖర్చు పెట్టాలి. బాత్‌ను, వియత్నాం డాంగ్‌ను తెచ్చి ఇక్కడ మార్చుకుంటే రేటు మరీ తక్కువ వస్తుంది. డాలర్లైతే 2,000 డాలర్ల వరకు మన దగ్గర ఉంచుకోవచ్చు, అంతకు మించినది తిరిగి వచ్చిన 180 రోజుల్లోగా బ్యాంకుకో లైసెన్సు ఉన్న డీలరుకో ఇచ్చేయాలి. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే కొద్దిపాటి డాలర్లను అమ్మకుండా దాచుకోవడమే మంచిది. అమ్మినప్పుడొకసారి, మళ్లీ కొన్నప్పుడొకసారి రేటులో నష్టపోవడం దేనికి?

విమానం దిగిన రోజే యాప్‌లో విదేశీ వాడకాన్ని ఆపేయాలి. రసీదులను మాత్రం వెంటనే పారేయవద్దు. కొన్ని లావాదేవీలు ఖాతాలో పడటానికి రోజులు పడుతుంది, హోటల్లో ఆపిన డిపాజిట్ విడుదలైందో లేదో కూడా తర్వాతి స్టేట్‌మెంటులోనే తేలుతుంది. ప్రతి లావాదేవీని రసీదుతో సరిచూసి, మీరు అడగకుండానే రూపాయల్లోకి మార్చినది ఏదైనా ఉంటే, ఏటీఎం నుంచి నగదు రాకుండానే ఖాతాలో తగ్గినది ఉంటే, రసీదు ఫొటోతో సహా కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కరెన్సీని ఎంచుకునే హక్కు కార్డుదారుదేనని కార్డు నెట్‌వర్కుల నిబంధనలే చెబుతాయి కనుక ఆ మాటనే ఫిర్యాదులో రాయండి. 30 రోజుల్లో బ్యాంకు నుంచి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి ఫీజు లేదు, బ్యాంకుకు ముందు రాసిన ఫిర్యాదు నకలు, దాని నంబరు దగ్గర ఉంటే చాలు.